నూట రెండు దాకా ఆకుపచ్చ

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను యాప్రాల్‌లో ఒక మేడ మీది ఆఫీసులో పనిచేసేదాన్ని. పేరుకు సాఫ్ట్‌వేర్ కంపెనీ. కుర్చీలు నాలుగు, మనుషులం ఐదుగురం. కాలనీలో గొప్పగా చెప్పుకోవడానికి మా నాన్నకు ఆ పేరు చాలు. ఆరు నెలలు చూసి ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. నాలుగో నెల నడుస్తోంది.

అప్పుడే శామీర్‌పేట దగ్గర ఒక కోడిపిల్లల హేచరీ పని మాకు వచ్చింది. యజమాని మాలాగే కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాడు. "మనవాళ్లేనమ్మా, జాగ్రత్తగా చూడు" అని మా బాస్ ఆ పని నా నెత్తిన పెట్టాడు. అల్వాల్ దాకా ఆటో, అక్కడి నుంచి కరీంనగర్ రోడ్డు బస్సు. గుడ్లు పొదిగే మిషన్లు అక్కడ ఎనిమిది ఉన్నాయి, ఒక్కోటి చిన్న గదంత. లోపల వేడి తొంభై తొమ్మిదిన్నర ఫారెన్‌హీట్ డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి. ఐదు నిమిషాలకోసారి ఆ అంకె కంప్యూటర్‌కు చేరుతుంది. దాన్ని తెర మీద గీతగా చూపించాలి, అదీ రంగుల్లో.

మేం కొన్న చార్టుల టూల్‌కిట్‌లో అందుకు సదుపాయం ఉంది. ఎంత నుంచి ఎంత దాకా ఏ రంగో రాసిస్తే, గీత ఎక్కడికక్కడ తనే రంగు మార్చుకుంటుంది. తొంభై తొమ్మిది లోపు నీలం. నూరు దాకా ఆకుపచ్చ. నూట ఒకటి దాకా పసుపు. ఆపైన ఎరుపు. మొత్తం నాలుగు వరుసల కోడు. ఆ గీత మొదటిసారి రంగు మారినప్పుడు నా కళ్లు నెత్తికెక్కాయి. లోకంలో వేడి అనేదాన్ని నేనే కనిపెట్టినట్టు తిరిగాను.

అక్కడ మిషన్లు చూసుకునే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. రావల్కోల్ నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. పదహారేళ్లుగా అదే పని. ఆయన పద్ధతే వేరు. మిషన్ తలుపు తీసి, ట్రేలోంచి ఒక గుడ్డు తీసుకుని, కన్ను మూసి రెప్పకు ఆనించుకునేవాడు. రెప్పకు హాయిగా ఉంటే తలుపు మూసేవాడు. చురుక్కుమంటే వేడి దిగేదాకా తలుపు ఓరగా తెరిచి ఉంచేవాడు.

"శెయ్యి మొద్దుబారుతది బిడ్డా, రెప్ప మొద్దుబారది. నువ్వు గూడ జూడు" అని ఒక గుడ్డు నాకిచ్చాడు. ఆనించుకున్నాను. నాకేమీ తెలియలేదు. తెలియలేదు కాబట్టి నవ్వాను. చదువుకున్నదాన్ని కదా!

ఎండలు ముదిరాయి. కరెంటు పోవడం, జనరేటర్ అందుకోవడం, మళ్లీ కరెంటు వచ్చాక మిషన్ వేడెక్కిపోవడం. గీత రోజుకు పదిసార్లు పసుపు, నాలుగుసార్లు ఎరుపు. యజమాని ఆ కంప్యూటర్‌ను ముందుగదిలో, కోడిపిల్లల్ని కొనడానికి వచ్చేవాళ్లకు కనబడేలా పెట్టించాడు. ఒకరోజు నన్ను పిలిపించాడు.

"ఏంటమ్మాయ్ ఇది? చూసినప్పుడల్లా ఎరుపే! వచ్చినవాళ్లు ఏమనుకుంటారు? నూట రెండు దాకా ఆకుపచ్చ చేసెయ్."

"అంత వేడైతే గుడ్లకు ఏమీ కాదా అండీ?"

"గుడ్ల సంగతి నాకొదిలెయ్. నీ పని రంగులు వెయ్యడం."

బాస్‌కు ఫోన్ చేశాను. "ఆయన చెప్పింది చేసెయ్యమ్మా, నీ ఉద్యోగం ఖాయం చేసే టైములో ఈ పేచీలెందుకు?" అన్నాడు. చేసేశాను. వంద ఉన్నచోట నూట రెండు పెట్టి, పసుపు వరుస తీసిపారేశాను. వాళ్లిచ్చిన టీ చల్లారేలోపు పని అయిపోయింది. తెరంతా ఆకుపచ్చ. యజమాని ముఖమంతా నవ్వు.

చిత్రమేమిటంటే, వారం తిరిగేసరికి తను మార్పించిన సంగతి ఆయనే మరిచిపోయాడు. మరిచిపోయాడో, మరిచినట్టు నటించాడో నాకిప్పటికీ తెలియదు. గీత ఆకుపచ్చగా ఉన్నంతసేపు ఎవరూ మిషన్ తలుపు ముట్టుకోకూడదని పనివాళ్లందరికీ హుకుం జారీ చేశాడు.

తర్వాత రంగుల ప్రింటర్ బిగించడానికి వెళ్లినప్పుడు పెద్దాయన వరండాలో నన్ను ఆపాడు.

"మూడో నంబర్ మిషన్ల గుడ్లు సుర్రుమంటున్నయ్ బిడ్డా. లోపల పిల్లలు పరేషానైతయ్. సారుకు జెప్పిన. గీత ఆకుపచ్చనే ఉన్నది గదా, నీ కన్ను నమ్మాల్నా మిషన్ నమ్మాల్నా అంటడు. నువ్వన్న జర జూడు."

"చూస్తాను తాతా" అన్నాను. చూడలేదు. బస్సు టైమైందని నాకు నేనే చెప్పుకున్నాను.

పది రోజులకు మళ్లీ కబురు. మూడో నంబరు మిషన్లో పొదగేసిన గుడ్లన్నీ పాడైపోయాయి. వెళ్లేసరికి షెడ్డు వెనక ట్రేలు వరసగా నేల మీద ఉన్నాయి. పెద్దాయన గుడ్లు పగలగొట్టి చూస్తున్నాడు. ఈకలు వచ్చిన పిల్లలు, ముక్కు పెంకుకు ఆనించి, లోపలే చచ్చిపోయి ఉన్నాయి.

ముందుగదిలో యజమాని అరుస్తున్నాడు. గుడ్లు ఒకే పక్కకు ఉండిపోకుండా పెద్దాయన ట్రేలు వేళకు తిప్పలేదట, అందుకే పిల్లలు పోయాయట. ఒప్పుకుని పని మానెయ్యమంటున్నాడు. "నేను గంట గంటకు తిప్పిన సార్. వేడితోని పోయినయ్" అని ఆయన ఒకటే మాట. పనివాళ్లందరూ గుమ్మం దగ్గర పెద్దాయన వైపే నిలబడ్డారు.

"అమ్మాయ్, మూడో నంబరుది, గుడ్లు పెట్టిన ఈ మూడు వారాల చార్టు ప్రింటు తియ్" అన్నాడు యజమాని.

తీశాను. కాగితం మెల్లగా బయటికి వచ్చింది. గీత రోజుల తరబడి నూట ఒకటిన్నర మీదే నడిచింది. ఆ అంకెలు పక్కనే అచ్చయి ఉన్నాయి. ఒక్కరూ చూడలేదు. రంగు కనబడుతుంటే అంకె ఎవరికి కావాలి? ఈ చివర నుంచి ఆ చివర దాకా ఆకుపచ్చ. యజమాని ఆ కాగితాన్ని పనివాళ్ల ముందు ఊపాడు. "చూడండ్రా, వేడి ఎక్కడ ఎక్కువైంది?"

నేను ఒక్క మాట అంటే సరిపోయేది. ఈ రంగు మీరే మార్పించారు సార్, అని. నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. భయమని సర్దిచెప్పుకోను. అది పిరికితనం కూడా కాదు, లెక్క. పెద్దాయన బతుకు పక్కనపెట్టి నా ఉద్యోగం చూసుకున్నాను.

నేను బయట వరండాలోకి వచ్చి నిలబడ్డాను. పెద్దాయన నా వెనకే వచ్చాడు. కోపంగా లేడు. అదే నాకు ఎక్కువ బాధ.

"బిడ్డా, గా గీత నువ్వు జేసిందే గద. సదువుకున్నదానివి, నిజం జెప్పు. గది తప్పు జూపిస్తదా?"

"చూపించదు తాతా" అన్నాను.

"గట్లైతే నేనే యాడనో ట్రేలు తిప్పుడు మర్శిపోయిన్నేమో. ముసలోన్నైతి గద" అన్నాడు. తలపాగా తీసి భుజాన వేసుకుని లోపలికి వెళ్లాడు. పొద్దుటి నుంచి ఎంత గద్దించినా ఒప్పుకోని మనిషి, ఆ పనివాళ్లందరి ఎదుటా, తప్పు తనదేనని, సార్‌ను ఏమీ అనొద్దని చెప్పాడు. కిటికీలోంచి ప్రతి మాటా నాకు వినబడింది. నేను లోపలికి వెళ్లలేదు.