పాలడబ్బాలో నీళ్ళు

సముద్రం అవతల, తెల్లదొరల ఏలుబడిలోని బంటింగ్ దగ్గరి రబ్బరు తోటలో సన్యాసి ఇంజిన్ డ్రైవరు. రబ్బరు షీట్లు ఒత్తే రోలర్లను తిప్పేది ఆ కిరసనాయిలు ఇంజినే. మధ్యాహ్నం పని బరువు పెరిగితే లోపల సుత్తితో మోదినట్టు చప్పుడు చేసేది. తోట గుమాస్తా గోపాలసామిని అందరూ కిరాణి అనేవారు. “నీకు ఇంజిను కాదురా, ఎద్దుబండి ఇవ్వాల!” అని అతను నలుగురిలో అరిచేవాడు.

1952లో సన్యాసి ఖాళీ పాలడబ్బాకు సన్నటి రాగి గొట్టం, చిన్న కుళాయి అతికి, ఇంజిను గాలి పీల్చే చోట బిగించాడు. కుళాయి తిప్పితే నీటిచుక్కలు గాలితో లోపలికి పోయి వేడిని అణిచేవి. చప్పుడు ఆగింది. మేనేజరు తెల్లదొర మెచ్చుకున్నాడు. అది గోపాలసామికి గిట్టలేదు.

తెల్లదొరల మీద తిరగబడ్డ కమ్యూనిస్టులను అణచడానికి ఎమర్జెన్సీ పెట్టిన రోజులు. అడవిలో వాళ్ళ తుపాకులు, తోట చుట్టూ ముళ్ళకంచె. సన్యాసి ఇంజిను గదిలో డబ్బా, గొట్టంతో బాంబు దాచాడని గోపాలసామి పోలీసులకు చెప్పాడు.

“వట్టి నీళ్ళు తువాన్, వట్టి నీళ్ళు దొరా!” అంటూ సన్యాసి డబ్బా ఎత్తి తాగబోయాడు. పోలీసు దెబ్బకు చెంప పగిలింది. పంతొమ్మిది రోజులు లాకప్పు. భార్య కూర్మమ్మ అన్నం తీసుకెళ్తే, అడవిలోవాళ్ళ కోసమేనంటూ గేటు కాపలావాళ్ళు నేలపాలు చేశారు.

ఈలోగా డబ్బా లేకుండా నడిపిన ఇంజిను పిస్టన్ పగిలింది. రబ్బరు పాలు గడ్డకట్టి కంపు కొట్టాయి. దొర కొత్త పిస్టన్ తెప్పించి, పోలీసులు పట్టుకెళ్ళిన డబ్బాతో సహా సన్యాసిని విడిపించాడు.

మర్నాడు పొద్దున్నే కూలీలందరి ముందు, “మళ్ళీ బిగించు,” అన్నాడు దొర.

“బిగిస్తాను తువాన్. ముందు కిరాణి గారు ఈ డబ్బాలో నీళ్ళు తాగాల.”

“ఏటిరా కూసినావు?” గోపాలసామి మీదికొచ్చాడు.

“బాంబని సెప్పినారు గదా. తాగండి లా,” మాట చివర ఆ ఊరి ‘లా’ తగిలించి అన్నాడు సన్యాసి. “పేలితే ఇద్దరం పోతాం.”

దొర డబ్బా వైపు వేలు చూపించాడు. గోపాలసామి తుప్పునీళ్ళు తాగాడు. ఎవరూ నవ్వలేదు.

ఇంజిను నడిచింది. కాని నెల తిరక్కుండానే కిరాణి అతన్ని గడ్డికోతకు మార్పించాడు. సన్యాసి కొడవలి ఆఫీసు మెట్ల మీద విసిరి, కూర్మమ్మతో హుటాన్ మెలింటాంగ్ అనే రేవు ఊరికి బస్సెక్కాడు. అక్కడ చేపల పడవల ఇంజిన్లు బాగుచేస్తూ బతికాడు.

మెర్దేకా అని దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడు, తోట నుంచి అప్పలసామి అనే పాత స్నేహితుడు వెతుక్కుంటూ వచ్చాడు.

“కిరాణి నిన్ను మళ్ళీ ఇంజిను పనికి రమ్మన్నాడు. దేశానికే విడుదలొచ్చినాది, పాతయి మరిసిపో లా.”

“దేశానికొచ్చినాది. నాకూ ఆడికీ రాజీ రాలేదు. ఎల్లి సెప్పు,” అని సన్యాసి పడవలోకి దిగి పని మొదలెట్టాడు.