విచారణ కమిషన్‌లో నారాయణమ్మ సాక్ష్యం

1998వ సంవత్సరం. బెంగళూరులో ఒక విచారణ కమిషన్‌కు ఇంటర్‌ప్రెటర్‌గా, అంటే సాక్షుల మాటలను ఇంగ్లీషులోకి మార్చి చెప్పే మనిషిగా, నన్ను తీసుకున్నారు. మా అమ్మమ్మ మాత్రం "దుబాసీ ఉద్యోగం" అని ఇరుగుపొరుగుకు గర్వంగా చెప్పుకునేది.

అంతకు ముందు ఏడాది హోసూరు రోడ్డు పక్కన ఉన్న ఒక చిన్న మార్కెట్లో ఉగ్రవాదులు స్కూటర్‌లో పెట్టిన బాంబు పేలింది. కొందరు చనిపోయారు. చాలామంది గాయపడ్డారు. బాంబు పెట్టినవాళ్ళ మీద కేసు వేరే కోర్టులో నడుస్తోంది. కమిషన్ తేల్చవలసింది ఇంకొకటి: ప్రమాదం గురించి ప్రభుత్వానికి ముందే తెలిసిందా? తెలిస్తే ఏం చేసింది? "మాకు ఏ సమాచారమూ అందలేదు" అని ఒక పెద్ద పోలీసు అధికారి అఫిడవిట్, అంటే ప్రమాణపూర్వకమైన వాంగ్మూలం, అప్పటికే దాఖలు చేశాడు.

మా వృత్తిలో మొదటి నియమం ఒకటుంది. సాక్షి "నేను" అంటే మేమూ "నేను" అనే చెప్పాలి. "ఆమె ఇలా అంటోంది" అనకూడదు. అప్పటికి పెళ్ళి కూడా కాని నేను, జడ్జిగారి ముందు, నిండు హాలులో, "నాకు నలుగురు మనవళ్ళు, పెద్దవాడు నా మాట అసలు వినడు" అని ఇంగ్లీషులో గంభీరంగా ప్రకటించవలసి వచ్చింది. అది నారాయణమ్మ చలవ.

నారాయణమ్మ బొమ్మనహళ్ళి మనిషి. ఆ మార్కెట్లో అరటిపళ్ళు అమ్మేది. పేలుడులో ఆమెకు ఎడమ చెవి పోయింది. పక్కనే కూర్చుని పూలు అమ్మే ఆమె స్నేహితురాలు రుక్మిణి ప్రాణమే పోయింది. సాక్ష్యం చెప్పే రోజున నారాయణమ్మ జరీ అంచు చీర కట్టుకుని, పెళ్ళికి వచ్చినట్టు వచ్చింది. నన్ను తన కుడి చెవి వైపు కూర్చోమంది.

ప్రభుత్వ లాయరు మొదటే అభ్యంతరం చెప్పాడు. ఈమెకు కన్నడం బాగా వచ్చు కదా, తెలుగు ఎందుకన్నాడు.

"పండ్లు అమ్మేదానికి కన్నడ చాలప్పా. మనసులో ఉండేది చెప్పల్లంటే నాకు తెలుగే వచ్చేది" అంది నారాయణమ్మ.

జడ్జిగారు తలెత్తి, ఆ "అప్పా" అంటే ఏమిటని నన్ను అడిగారు. గౌరవమూ చనువూ కలిసిన పిలుపని చెప్పాను. ఇంగ్లీషులో దానికి సరైన మాట ఉందా అన్నారు. లేదన్నాను. "అయితే అలాగే ఉంచండి" అని నవ్వారు. ప్రభుత్వ రికార్డులో "అప్పా" అలా చేరింది.

ఆ రోజు ఉదయం ఎవరిదో తెలియని స్కూటరు రుక్మిణి పూలబుట్ట పక్కన నిలిపి ఉండడం చూసి, అనుమానం వచ్చి, నారాయణమ్మే నడుచుకుంటూ పోలీసు స్టేషన్‌కు వెళ్ళి చెప్పింది. ఆమె సాక్ష్యం అదే.

లాయరు క్రాస్ ఎగ్జామినేషన్ మొదలుపెట్టాడు. సాక్షి మాటలో బలమెంతో పరీక్షించే ప్రశ్నలవి. "మీరు నిజంగా స్టేషన్‌కు వెళ్ళారనడానికి రుజువేమిటి?"

"బాంబు గురించి చెప్పేదానికి పోతే రసీదు అడగల్లని నాకు తెల్దు లాయరప్పా."

హాలంతా నవ్వింది. లాయరు నవ్వలేదు. "ఎవరికి చెప్పారు?"

ఆమె వెనక్కి తిరిగి, చివరి వరసలో కూర్చున్న పోలీసుల వైపు చూసింది. "అద్దో, ఆ మీసాలాయన ఉండాడే, ఆయనకే. మంచోడు. కూచో అమ్మా అని నీళ్ళిచ్చినాడు. మనిషిని పంపిస్తామన్యాడు. ఎవురూ రాలేదు."

ఆ కానిస్టేబుల్ తల దించుకున్నాడు. లాయరు వెంటనే, "అంటే ఆ పోలీసు మీద మీకు ఫిర్యాదు లేదు కదా?" అన్నాడు.

"ఆయన మీద నాకేం కోపం? నేను అడిగేది సర్కారును. మేము చెప్పినాము కదా, మీరు ఎందుకు రాలేదు? మా రుక్మిణి ఆ స్కూటరు గాడి పక్కనే పూలు కట్టుకుంటా కూచోనుండె."

లాయరు నా వైపు వేలు చూపించాడు. "ఫిర్యాదు లేదంది. అంతవరకు చెప్పండి చాలు. మిగతాది జవాబు కాదు."

నాది తాత్కాలిక ఉద్యోగం, ఎదురుగా ప్రభుత్వ లాయరు. అయినా లేచి నిలబడి, "సాక్షి అన్న ప్రతి మాటా చెబుతానని ఈ హాలులోనే ప్రమాణం చేశాను, సర్" అన్నాను. జడ్జిగారు కలం కింద పెట్టి, చెప్పమన్నారు.

చెప్పాను. "మేము చెప్పాము. మీరు ఎందుకు రాలేదు?" అని ఇంగ్లీషులో అన్నాను. జడ్జిగారు మళ్ళీ కలం తీసుకుని రాసుకున్నారు.

మర్నాడు జడ్జిగారు ఆ కానిస్టేబుల్‌ను పిలిపించారు. అతను దాచలేదు. ఆమె వచ్చిన మాట నిజమేనని, తాను పై అధికారులకు చెప్పానని, స్టేషన్‌లో ఉన్నవాళ్ళందరినీ ఒక మంత్రిగారి పర్యటన బందోబస్తుకు పంపేశారని, అది ముగిశాక చూద్దామన్నారని ఒప్పుకున్నాడు. తర్వాత అఫిడవిట్ ఇచ్చిన అధికారి వంతు వచ్చింది. ఆయన చాలాసేపు "గుర్తు లేదు" అన్నాడు. చివరికి గుర్తొచ్చింది.

బయట వరండాలో నారాయణమ్మ ఆ కానిస్టేబుల్ చేతిలో రెండు అరటిపళ్ళు పెట్టింది. "తిను నాయనా. నిన్నట్నుంచి తిన్నట్ల లేవు." అతను ఏడుస్తూ తిన్నాడు. ఆమె అతన్ని తిట్టి ఏడుపు మాన్పించింది.

మరుసటి సంవత్సరం నివేదిక శాసనసభ ముందుకు వచ్చింది. సమాచారం అందిందని, పట్టించుకోకపోవడం పై అధికారుల తప్పని, నిజం చెప్పిన కానిస్టేబుల్‌పై ఏ చర్యా తీసుకోకూడదని జడ్జిగారు రాశారు. ప్రభుత్వం ఒప్పుకుంది. అబద్ధపు అఫిడవిట్ ఇచ్చిన అధికారిపై చర్య మొదలైంది. మార్కెట్ మొదట్లో ఒక పోలీసు చౌకీ వెలిసింది.

నివేదికలో ఆ మాటలున్న పేజీ నకలు తీసుకుని నేను మార్కెట్‌కు వెళ్ళాను. ఆడవాళ్ళందరూ బేరాలు ఆపేసి చుట్టూ చేరారు. ఒక్కో వాక్యమూ తెలుగులో చదివి వినిపించాను.

"అంటే మేము చెప్పింది నిజమని సర్కారు ఒప్పుకొనిందా, పాపా?" అంది నారాయణమ్మ.

"ఒప్పుకుంది."

"రుక్మిణి కూతురు ఆ మూలన ఉండాది. ఆ పిల్లకు వినపడేట్ల ఇంకొక తూరి చదువు."

విచారణ అంటే తప్పు చేసినవాళ్ళను వెతికే పని అని అంతవరకు అనుకునేదాన్ని. నష్టపోయినవాళ్ళు అడిగిన ప్రశ్నకు ప్రభుత్వం చేత జవాబు చెప్పించడమే దానిలో సగం పని అని ఆ రోజు తెలిసింది. గొంతు పెంచి, మొదటినుంచీ మళ్ళీ చదివాను.