చెవి బిళ్ళ లేని బర్రె

డెయిరీ డిప్లొమా చేతికి వచ్చాక వికారాబాద్ దగ్గరి పాల కేంద్రంలో నాకు పని దొరికింది. ఎనభైల తొలి రోజులవి. క్యాను మూత తీయాలి, పాలు కలియబెట్టాలి, నీళ్లు కలిశాయేమో చూసే లాక్టోమీటరు వదలాలి, ఆ తర్వాతే వెన్నశాతం. ఈ వరుస తప్పితే నాకు మనసు కుదిరేది కాదు.

రోజూ ఒకే ఊరి నుంచి ఐదుగురు ఆడవాళ్లు కలిసి పాలు తెచ్చేవారు. ఒకరికొకరు జామీను ఉండి, బ్యాంకులో అప్పు తీసుకుని, తాండూరు అంగడిలో తలా ఒక బర్రెను కొన్నారు. పాల బిల్లులోంచే కిస్తు కట్ అయ్యేది. ఒక్కరి కిస్తు ఆగినా ఎవరికీ మళ్లీ అప్పు పుట్టదు. బర్రెలకు బీమా కూడా ఉంది. చెవికి నంబరు బిళ్ళ వేశారు. బర్రె చనిపోతే ఆ బిళ్ళతో సహా చెవిని చూపిస్తేనే డబ్బు వస్తుంది.

ఐదుగురిలో చిన్నామె బర్రెకు బిళ్ళ దగ్గర చీము పట్టింది. ఆమె బిళ్ళ ఊడదీసి, పుండుకు పసుపు రాసి, బిళ్ళను దేవుడి గూట్లో భద్రంగా దాచింది. పుండు మానింది. ఆ వానాకాలమే బర్రెను పాము కరిచింది. బిళ్ళ ఇంట్లో ఉందన్న ధీమాతో చెవి కోయకుండానే పూడ్చిపెట్టారు.

చెవి చూపించనిదే బీమా రాదని బ్యాంకువాళ్లు అన్నారు. ఆమె బ్యాంకు నుంచి నేరుగా మా కేంద్రానికి వచ్చి కొంగు ముడి విప్పి బిళ్ళ చూపించింది.

“నా బర్రె పాలు రోజు సూస్తివి గద సారూ. సచ్చింది నా బర్రెనే అని బ్యాంకోల్లకు జర చెప్పరాదు?”

పాలను బట్టి ఏ బర్రెవో చెప్పలేమన్నాను. కిస్తు తప్పితే మళ్లీ హైదరాబాద్‌కు మట్టిపనికి పోవాల్సిందేనని చెప్పి వెళ్లిపోయింది. ఆ పని మానడానికే ఆమె బర్రెను కొన్నది.

మర్నాడు కూడా ఐదు క్యాన్లు వచ్చాయి. చిన్నామె తన క్యానును కింద పెట్టి అందరి వెనక్కి జరిగింది. గుంపులో పెద్దామె, అందరూ ఖాలా అని పిలిచే ముస్లిం ముసలమ్మ, చిన్నామె రెక్క పట్టి ముందుకు లాగింది.

“ఏందే, కొత్త పెండ్లిపిల్ల లెక్క ఎనుక నిలవడ్డవ్? బర్రె వోయింది గని క్యాను వోయిందా?”

నలుగురూ తమ పాలలో తలా కొంత ఆ క్యానులో పోశారని అప్పుడు తెలిసింది. నియమాల కాగితం తీసి రెండుసార్లు చదివాను. పాలలో నీళ్లు ఉండకూడదని ఉంది. ఎవరి బర్రెవో అన్న మాట ఎక్కడా లేదు. ఆమె పేరు మీదే రాశాను.

కిస్తు ఆగలేదు. ఎండాకాలంలో ఆమెకు మళ్లీ అప్పు వచ్చింది. కన్నడం మాట్లాడే బేరగాడి దగ్గర, తాండూరులోనే, ఇంకో బర్రెను కొన్నది. దాని చెవీ వాచింది. ఈసారి బిళ్ళ ముట్టకుండా పశువుల దవాఖానకు తోలుకుపోయింది.

ఆ తర్వాత చాలా రోజులు ఆమె క్యాను వెలితిగానే వచ్చేది. ఒక పొద్దున కారణం కళ్లారా చూశాను. వరుసలో నిలబడి ఒక్కొక్కరి క్యాను మూత తీసి, తన పాలు చెంబుతో పోస్తోంది.

“ఇంకెన్ని దినాలే, ఇగ సాలు” అని ఖాలా కసురుకుంది.

“మీరు పోసిననాడు లెక్కవెట్టిన్రా?” అంటూ ఆమె ఇంకో మూత తీసింది.

నేను లాక్టోమీటరు చేతిలో పట్టుకుని ఆమె పోయడం అయ్యేదాకా ఆగాను.