బొమ్మ కింద మా తమ్ముడు

బోరబండ స్టేషన్ బెంచీ మీద ఒకామె ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకొని సినిమా బొమ్మలు అతికిస్తున్నది. హైటెక్ సిటీలో ఏదో ఆఫీసు డ్రైవర్లకు మనసు జబ్బుల మీద క్లాసు చెప్పాలట. ఒక్కో జబ్బుకు ఒక్కో సినిమా పాత్ర.

"సినిమాలు చూస్తారా అండీ?" అన్నది.

"ఏడో తరగతిలో బడి మానేసిందే అందుకు, మేడం."

నవ్వింది. చేతులు కడిగి కడిగి తోలు ఊడగొట్టుకునే హీరోది ఏం జబ్బో నాకు ఒక్కసారికే అర్థమయ్యేటట్టు చెప్పింది. ఆ ఖుషీలో, ఇంటి గడప దాటని ముచ్చట ఆమెకు చెప్పిన. మా తమ్ముడికి చెవుల్లో ఎవరివో మాటలు వినపడతయి, అప్పుడు టీవీ బంద్ చేసి కూర్చుంటడు, మందులు వాడుతున్నడు అని.

ఆమె టకటకా కొట్టి, లాప్‌టాప్ నా దిక్కు తిప్పింది. గొడ్డలి పట్టుకున్న విలన్ బొమ్మ. దాని కింద, "టీవీ ఆపేసి గొంతులు వింటాడు."

"మావోడు బొద్దింకను చూస్తే భయపడి మంచం మీదికి ఎక్కుతడు, మేడం. జర తీసెయ్యండి."

"పేరు పెట్టలేదు కదండీ. ఇలా అయితేనే అందరికీ గుర్తుంటుంది."

రైలు రాంగనే ఎక్కి పోయింది. నేను ఎక్కలే.

ఆమె అన్నది నిజమే. ఇప్పుడు తమ్ముడు ఉల్లిగడ్డలు కోస్తుంటే నా కండ్లు కత్తి మీదికే పోతున్నయి. ఇదివరకు వాని మొహం చూసి ముచ్చట పెట్టేటోణ్ణి.