పొయ్యిలో పెట్టిన అచ్చులు

బూట్ల మేస్త్రి దగ్గరికి మామూలు కాళ్లవాళ్లు వచ్చేవాళ్లు కాదు. వేళ్లు వంకరపోయినవాళ్లు, ఒక కాలు పొట్టి అయినవాళ్లు వచ్చేవాళ్లు. ఒక్కొక్కరి పాదానికీ చెక్కతో అచ్చు చెక్కి, దానిమీద తోలు బిగించి బూటు కుట్టేవాడు. ముప్ఫై ఏళ్లలో మూడు వందల జతల అచ్చులు అటక నిండా పేరుకున్నాయి.

ఆరేళ్ల కిందట, పాదాన్ని ఫొటో తీసి కొలతలు దాచిపెట్టే కంప్యూటరు కొన్నాడు. ప్రతి అచ్చు కొలతలనూ అందులోకి ఎక్కించాడు. ఇక చెక్కలతో పనేముందని వాటన్నిటినీ జిగురు కాచే పొయ్యిలో పెట్టాడు. రెండు చలికాలాలకు సరిపోయాయి.

ఈ నెల, దాన్ని అమ్మిన కంపెనీ పాతదైపోయిందని ఆ కంప్యూటరును ఆపేసింది. తెర మీద పేర్లు కనిపిస్తున్నాయి, నొక్కితే ఏదీ తెరుచుకోవడం లేదు. కంపెనీ మనిషి వచ్చి కొత్తది కొనమన్నాడు.

“అది తర్వాత చూద్దాం. ముందు నా కొలతలు నాకివ్వండి బాబూ.”

“కొలతలు మీవేనండీ, ఎవరు కాదన్నారు? ఫైళ్లు మాత్రం మా మిషన్‌లోనే తెరుచుకుంటాయి. కాగితంలో రాసుంది, మీరు సంతకం కూడా పెట్టారు.”

తోలు కోస్తున్న మేస్త్రి భార్య తలెత్తలేదు. “ఈయన కాళ్లు తప్ప కాగితాలు చూసే మనిషి కాదులే నాయనా,” అంది.

“రేపు ఆ కొత్తదాన్నీ ఆపేస్తే?” అన్నాడు మేస్త్రి.

కంపెనీ మనిషి బ్యాగు సర్దుకున్నాడు.

సాయంత్రం పంతులమ్మ వచ్చింది. కుడికాలు పొట్టి. పాత బూట్లు అరిగి, నీళ్లలో నాని ఆకారం పోయాయి.

“ఎప్పటిలాగే కుట్టెయ్ మేస్త్రీ.”

కుడి మడమ కింద ఎంత ఎత్తు పెట్టేవాడో అతనికి గుర్తు రాలేదు.

“మీ కొలత నా దగ్గర లేదమ్మా.”

“ఇరవై ఏళ్లుగా నా కాళ్లు పట్టుకుంటున్నావ్, ఇప్పుడు లేదంటావేంటి?”

“అచ్చు పొయ్యిలో పెట్టాను. కంప్యూటరు తెరుచుకోవట్లేదు.”

ఆమె బల్ల మీద కూర్చుంది. బూట్లు విప్పింది.

మేస్త్రి ఆమెను గోడవారగా నిలబెట్టి, కుడి మడమ కింద తోలు ముక్కలు ఒక్కొక్కటే పేర్చాడు. నేలకు చెంప ఆనించి చూశాడు. లేచి భుజాలు చూశాడు. ఎనిమిదో ముక్కకు రెండు భుజాలూ సమానమయ్యాయి. కొలతలు రెండు కాగితాల మీద రాసి ఒకటి ఆమెకిచ్చాడు.

“ఇది నాకెందుకు?”

“మీ కాలు కదమ్మా. ఇంకెవరి దగ్గరికి వెళ్లినా పనికొస్తుంది.”

ఆమె వెళ్లాక భార్య తెర మీది పేర్లు చదవసాగింది. మొదటి పేరున్న మనిషి పోయి ఏడాదైంది. రెండో పేరున్న మనిషికి మేస్త్రి ఫోన్ చేసి, ఒకసారి వచ్చి కాళ్లు చూపించమన్నాడు. అటువైపు నుంచి ఎందుకని అడిగారు.

“తప్పు నాదేనండీ,” అని మొదలుపెట్టాడు.