చిక్కడపల్లి మేడ మీద ఒక్కపొద్దు

చిక్కడపల్లిలో నాకు దొరికిన గదిని బ్రోకర్లు పెంట్‌హౌస్ అంటారు. పేరు చూసి మోసపోకండి. మేడ మీద, నీళ్ల ట్యాంకు పక్కన, రేకుల కప్పుతో ఒంటి గది. ఎండాకాలం అందులో కూర్చుంటే పెనం మీద కూర్చున్నట్టే. అయినా ఆ గది దొరికిన రోజు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతకుముందు అశోక్ నగర్ నుంచి నారాయణగూడ దాకా టు-లెట్ బోర్డు కనపడ్డ ప్రతి గేటూ కొట్టి వచ్చాను మరి. మాట బాగానే మొదలయ్యేది. "గ్రూప్స్‌కు చదువుతున్నవా బిడ్డా? మంచిది, మంచిది." నా పేరు పూర్తిగా చెప్పగానే ఎక్కణ్నుంచో ఓ అడ్వాన్సు ఊడిపడేది. "అయ్యో, ఇప్పుడే ఎవరో అడ్వాన్స్ ఇచ్చిపోయిండ్రు." మరి బోర్డు ఇంకా ఎందుకు వేలాడుతోందని అడిగేదాన్ని. నా నోరు ఊరుకోదు. అప్పటికే గేటు మూసుకుపోయేది.

మాది దూదేకుల ఇల్లు. మా నాన్న పరుపులు కుట్టేవాడు. పుట్టినప్పటి నుంచి ఇంట్లో తెలుగే. నమాజు అరబ్బీలో చదివినా, చేతులెత్తి అల్లాను ఏదైనా అడగాలంటే నాకు తెలుగే వస్తుంది. ఊళ్లో నన్ను పిలిచే ముద్దుపేరు ఏ ఇంటి పిల్లకైనా సరిపోయే పేరు. కోచింగులో పరిచయమైన స్నేహితురాలు ఒకతి ఆ మేడగది ఖాళీ చేస్తూ, నన్ను ఆ ముద్దుపేరుతోనే ఇంటావిడకు అప్పజెప్పింది. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, తాళం చేతిలో పెట్టింది. ఇంకేమీ అడగలేదు. అడగకముందే చెప్పుకోవడానికి నాకేం పట్టింది? అన్ని గేట్ల దగ్గరా చెప్పి చూశాను కదా.

ఆవిణ్ని ఆంటీ అనేదాన్ని. అంకుల్ పొద్దంతా పేపర్లో తల దూర్చే మనిషి, ఆ ఇంట్లో మాటలన్నీ ఆంటీవే. బట్టలారేయడానికి పైకొస్తే ఓ గంట పోయేది. కూరగాయల ధరలు, మోకాళ్ల నొప్పులు, పక్కింటి వాళ్ల కుక్క, అన్నీ అయ్యాక, "నీ చదువు పాడు చేస్తున్ననా?" అని అడిగి మళ్లీ మొదలుపెట్టేది. నేను పుస్తకం మూసేసేదాన్ని. అశోక్ నగర్ రీడింగ్ రూములో పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా ఎవరి పుస్తకంలో వాళ్లం. టీ కొట్టు దగ్గర నిలబడ్డా నోటిఫికేషన్ ఎప్పుడు, కటాఫ్ ఎంత, ఇవే మాటలు. ఇంత పెద్ద ఊళ్లో "తిన్నవా?" అని నన్ను అడిగే మనిషి ఆంటీ ఒక్కతే.

అందుకే నాకు భయం. తలుపు గడియ పెట్టుకుని నమాజు చేసేదాన్ని. రాజ్యాంగంలో సమానత్వం గురించిన అధ్యాయం నోటికొచ్చు నాకు, ఏ ఆర్టికల్ అడిగినా నిద్రలో లేపినా చెప్తాను. అది చదువుకునేది మాత్రం గడియ వేసిన గదిలో. ఛీ, ఏం బతుకు అనిపించేది. పరీక్ష దగ్గర పడింది. ఇప్పుడు ఈ గది పోతే, మళ్లీ గేట్లు కొట్టుకుంటూ తిరిగితే, ఈసారి పరీక్ష కూడా పోయినట్టే.

అలాంటప్పుడు రంజాన్ వచ్చింది. తెల్లవారకముందే లేచి, గిన్నె చప్పుడు కాకుండా రాత్రి అన్నంలో పెరుగు కలుపుకుని తినేదాన్ని. పగలు స్టవ్ ముట్టించేదాన్ని కాదు. సాయంత్రం ఖర్జూరం, నీళ్లు. ఊళ్లో అయితే ఆ వేళకు ఇంటినిండా జనం, అమ్మ అరుపులు, గుగ్గిళ్ల కోసం కొట్లాట. ఇక్కడ నేనూ, నీళ్ల ట్యాంకూ.

ఆంటీ కంటికి ఏదీ దాగదు. మధ్యాహ్నం పైన పోపు వాసన రావడం లేదని కనిపెట్టింది. ఈ పిల్ల దగ్గర పైసలు లేవు, పస్తులుంటోంది అనుకుంది. ఓ శనివారం పళ్లెం పట్టుకుని పైకొచ్చింది. అన్నం, పప్పు, బెండకాయ వేపుడు, పక్కన ఆవకాయ. గడప మీద చతికిలబడి, "తిను. నేను చూస్తుండంగనే తినాలె. నీ మొఖం చూసుకున్నవా అద్దంల? గింతైంది," అంది.

"ఇప్పుడొద్దు ఆంటీ."

"ఏందొద్దు? ఓ, శనివారం ఒక్కపొద్దున్నవా?"

అవునని తలూపితే చాలు. ఆవిడే దారి చూపించింది. శనివారం ఒక్కపొద్దు ఉండే వాళ్లు ఆ గల్లీ నిండా ఉన్నారు. నేను ఒక్కపొద్దున్న మాట కూడా నిజమే కదా! కానీ మా నాయనమ్మ గుర్తొచ్చింది. చిన్నప్పుడు నేను ఉపవాసం ఉండి తమ్ముడి మీద లేనిపోని చాడీలు చెబుతుంటే, "అబద్ధమాడేదానివి కడుపు మాడ్చుకునుడు దేనికే, పోయి తిను" అని కసిరేది. అందరి లెక్కా తేలే రోజు ఒకటుందని, ఆ రోజు ఎవరి న్యాయం వాళ్లకు అందుతుందని కూడా చెప్పేది. ఎప్పుడొస్తుందని అడిగితే, "నీకెందుకే తొందర? గప్పటిదాక నువ్వు సక్కగుండు" అనేది.

"శనివారానిది కాదు ఆంటీ. రంజాన్ ఒక్కపొద్దు. మేము ముస్లింలం," అన్నాను.

ఆంటీ నా మొహం చూసింది, పళ్లెం చూసింది. "అట్లనా," అంది. మూత పెట్టి, పళ్లెం తీసుకుని, గోడ పట్టుకుని మెట్లు దిగిపోయింది.

మర్నాడు ఖాళీ చేయమంటారని పుస్తకాలు సంచుల్లో సర్దాను. ఎవరూ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. బట్టలు కింద వరండాలోనే ఆరేయడం మొదలుపెట్టింది ఆంటీ. గ్యాస్ తెచ్చిన అతణ్ని తిడుతుంటే పైకి వినపడేది, ఆలస్యమెందుకైందని, చెప్పులతో లోపలికెందుకొచ్చావని. నమ్ముతారో లేదో, ఆ తిట్లు తింటున్న మనిషిని చూసి కుళ్లుకున్నాను. నిజం చెబితే మనసు తేలికవుతుందంటారు. నాకేం తేలిక కాలేదు. అన్నం సయించలేదు, చదివింది ఎక్కలేదు, నమాజులో కూర్చుంటే మెట్ల మీద ఏదైనా చప్పుడవుతుందేమోనని చెవులు అటే.

పండగ ఇక దగ్గరకొచ్చిందనగా ఓ సాయంత్రం ఆంటీ వచ్చింది. మేడ మీదికి రాలేదు. మలుపు దగ్గర మెట్ల మీదే ఆగి పిలిచింది. పరుగెత్తుకెళ్లాను.

"బిడ్డా, ఒక మాట చెప్త. నువ్వు మొదలే చెప్పుంటే నీకు ఈ రూం ఇచ్చేదాన్ని గాదు."

అది నాకు తెలిసిందే. కానీ ఆవిడ నోటితో వింటే మండిపోయింది. "అయితే ఖాళీ చెయ్యమంటారా?" అని గట్టిగానే అడిగాను.

"ఎవలు చెయ్యమన్నరు? మా సారు గూడ ఏమనలే. పరీక్ష రాయి, ఎన్నిరోజులుంటవో ఉండు."

"మరి పైకెందుకు వస్తలేరు?"

కొంగుతో మొహం తుడుచుకుంది. "సిగ్గయితుంది. అన్నం పళ్లెం వాపస్ ఎందుకు తీస్కపోయిన్నో నాకే తెల్వది. ఎవలింట్లనన్న గట్ల చేస్తరా? నాకు జర టైం పడ్తది బిడ్డా," అంది. నేనేమీ అనకముందే కిందికి దిగిపోయింది.

పొద్దు గూకి మగ్రిబ్ నమాజు వేళయింది. ఖర్జూరం నోట్లో పెట్టుకున్నాను. వెక్కి వెక్కి ఏడ్చాను. గది పోలేదు, ఇన్నాళ్లూ దేని కోసమైతే భయపడ్డానో అది నా దగ్గరే ఉంది. ఆ రోజు మొదటిసారి తలుపు తెరిచిపెట్టే నమాజు చేశాను. అందరికీ న్యాయం జరిగే రోజు వస్తుందని నమ్ముతాను, ఇప్పటికీ. కానీ ఆ సాయంత్రం చేతులెత్తి నేను అడిగింది అంత పెద్ద న్యాయం కాదు. ఆంటీ ఇంకాస్త పైకెక్కి వచ్చి, నా గడప మీద కూర్చోవాలని అడిగాను.