ఉద్యోగం లేదని చెప్పే పరీక్ష

మాసాన్ రేవు దగ్గరి సోయా సాస్ ఫ్యాక్టరీలో చూ మీ-రాన్ పంతొమ్మిదేళ్లుగా రుచి చూసే పని చేస్తోంది. చెంచా కొస నాలుకకు తగిలితే చాలు, ఏ పీపాలోదో, ఎన్నో నెలదో, ఉప్పు ఎక్కడ తేడా కొట్టిందో చెప్పేస్తుంది. ఆ నాలుకకు కంపెనీ ఇచ్చిన మర్యాద ఏమిటంటే, సెక్షన్ చీఫ్ పదవికి నాలుగుసార్లు ఆమె పేరు వెళ్లడం, ఇంగ్లిష్ మాట్లాడే పరీక్షలో కావలసిన గ్రేడు లేదని నాలుగుసార్లూ తిరిగి రావడం. పీపాల్లో ఊరే సోయా గింజలతో ఇంగ్లిష్‌లో ఎవరు మాట్లాడాలో ఆమెకు ఈనాటికీ అర్థం కాలేదు.

ఆమె పై అధికారి ప్యో దొక్-సూకు మాత్రం బాగానే అర్థమైంది. పొద్దుటి మీటింగులో రెండుసార్లు దగ్గి, ఒకసారి ముక్కు ఎగబీల్చి, అప్పుడు మొదలుపెడతాడు.

“ప్రపంచం ఎక్కడికో పోతోంది, మీ-రాన్ గారూ. మీరేమో పీపాల దగ్గరే ఉండిపోయారు. గ్రేడు పట్రండి, మరుక్షణం సంతకం పెడతాను.”

చెప్పేవన్నీ శ్రీరంగనీతులే. పై పదవి మీద తనకూ కన్నుందనీ, దానికీ అదే గ్రేడు కావాలనీ ఆ నీతుల్లో ఎక్కడా రాదు.

మీ-రాన్‌కు ఇదే ఆఖరి ఏడు. నలభై రెండేళ్లు దాటితే పదోన్నతి జాబితాలోకి పేరే ఎక్కదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, చెంచా ఎలా పట్టుకోవాలో తాను నేర్పిన గిల్ లాంటి కుర్రాడి చేత పని చెప్పించుకోవాలి. అది తలుచుకుంటేనే ఆమెకు ఒళ్లు మండేది. ఆ మంటతోనే వెళ్లి కోచింగు సెంటర్లో చేరింది.

అక్కడి మాస్టారు తనను రయన్ అని పిలవమన్నాడు. ఇంటిపేరు మేంగ్, ఊరు ఇక్కడికి రెండు బస్సుల దూరం. పైన పటారం, లోన లొటారం.

“ఇంగ్లిష్ కోసం వచ్చారా, గ్రేడు కోసం వచ్చారా?” అన్నాడు మొదటిరోజే.

“గ్రేడుకే,” అన్నారు అందరూ.

“అయితే ఇంగ్లిష్ సంగతి మర్చిపోండి,” అని అరవై నుడికారాల కాగితం పంచాడు. జవాబుకు మూడు చొప్పున పడాలట, కిమ్చీ పచ్చడిలో కారం పడ్డట్టు. వాన దంచితే కుక్కలూ పిల్లులూ కురుస్తున్నాయనాలి. తేలిక పనిని కేకు ముక్క అనాలి. ఎప్పుడో గాని జరగనిది నీలి చంద్రుడు వచ్చినప్పుడు జరిగిందనాలి.

“మనం పడుకుని బియ్యపు రొట్టె తిన్నంత తేలిక అంటాం కదండీ,” అంది మీ-రాన్. “మరి వీళ్ల కేకు ముక్క కూర్చుని తినాలా, నిలబడి తినాలా?”

“తినక్కర్లేదు మేడమ్. నమలకుండా మింగేయండి.”

ఇంతకంటే పెద్ద విద్య ఇంకోటి నేర్పాడు. పరీక్షకు ముందు కంప్యూటర్ నీ బతుకేమిటని అడుగుతుంది, నొక్కినదాన్ని బట్టే ప్రశ్నలు వేస్తుంది. ఉద్యోగం ఉందని నొక్కావో, ప్రాజెక్టులూ మెషిన్లూ అంటూ పీకల మీదికి వస్తుంది. కుటుంబం ఉందని నొక్కితే ఇంటి పనులు ఎవరెవరు చేస్తారని ఆరా తీస్తుంది. అందుకని దేశంలో తెలివైనవాళ్లంతా ఒక్కటే నొక్కుతారు: ఉద్యోగం లేదు, ఒంటరిగా ఉంటాను, పార్కులో నడుస్తాను. దానికి సరిపడా జవాబులు రయన్ దగ్గర సిద్ధంగా ఉన్నాయి. ఉద్యోగంలో పైకి రావడానికి ఉద్యోగం లేదని చెప్పాలన్నమాట. ఈ తెలివికి ఏ గడ్డి పెట్టాలో మీ-రాన్‌కు తోచలేదు.

అయినా బట్టీ పట్టింది. అత్తగారు, మొగుడు, ఇద్దరు పిల్లలు తిరుగుతున్న వంటింట్లో బియ్యం కడుగుతూ, తాను ఒంటరిదాన్నని రెండు నెలలపాటు ఇంగ్లిష్‌లో వల్లించింది.

“అమ్మా, నువ్వు ఒంటరిదానివైతే మేమెవరం?” అంది పెద్దది యె-రిన్.

“మీరు నా గ్రేడు తగ్గించేవాళ్లు. నోర్మూసుకుని అన్నం తినండి.”

పరీక్ష శనివారం పొద్దున. అడ్డుచెక్కల మధ్య పన్నెండు కంప్యూటర్లు, పన్నెండుమంది, చెవులకు హెడ్‌ఫోన్లు. గంట మోగగానే అందరూ ఒక్కసారి అందుకున్నారు. ముందు వరుసలో ఎవరికో ఉద్యోగం లేదు. వెనక ఎవరో ఒంటరిగా ఉంటున్నారు. నలుగురు ఒకే పార్కులో నడుస్తున్నారు, నలుగురి మీదా అవే కుక్కలూ పిల్లులూ కురుస్తున్నాయి. మీ-రాన్ తన వంతు చిలకపలుకులు పలికి, రెండు ప్రశ్నల మధ్య ఊపిరి పీల్చుకుంది.

అప్పుడు పక్క కుర్చీలోంచి రెండు దగ్గులు, ఒక ముక్కు ఎగబీల్పు వినిపించాయి. టోపీ, మాస్కు పెట్టుకుని వచ్చి కూర్చున్న ఆ మనిషిని అంతవరకూ ఆమె పట్టించుకోలేదు. అతను తనకు ఉద్యోగం లేదన్నాడు. ఒంటరిగా ఉంటానన్నాడు. నీలి చంద్రుడి దాకా వచ్చి, మిగతాది మర్చిపోయి, మళ్లీ ఉద్యోగం లేదనే చెప్పాడు. రెండేళ్లుగా తనకు నీతులు చెప్పిన నోరు ఇదా అనుకుంటే, మీ-రాన్‌కు నవ్వుకంటే ముందు అసహ్యం వచ్చింది.

వారం తర్వాత ఆమెకు గ్రేడు వచ్చింది. కంపెనీ అడిగింది అడిగినట్టే. కాగితం తీసుకెళ్లి ప్యో బల్ల మీద పెడితే, “చూద్దాం,” అన్నాడు. తన ఫలితం ఊసు ఎత్తలేదు.

నెల తిరక్కుండానే గోడ మీద నోటీసు పడింది. ఈ ఏడు నుంచి పదోన్నతులకు ఇంగ్లిష్ గ్రేడు అక్కర్లేదు, నాయకత్వ లక్షణాలే చూస్తారు. కింద రెండు పేర్లు. డైరెక్టరుగా ప్యో, సెక్షన్ చీఫ్‌గా గిల్.

ఆఫీసంతా చప్పట్లు కొడుతుంటే ప్యో ఆమె దగ్గరికి వచ్చాడు.

“ఇంగ్లిషే జీవితమా ఏంటి, మీ-రాన్ గారూ? ఆ గ్రేడు ఎక్కడికీ పోదు. ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుంది.”

“నాదొక సందేహం సార్,” అంది మీ-రాన్, అందరికీ వినపడేలా. “మీకు ఉద్యోగం లేదు కదా, రోజూ ఇక్కడికెందుకొస్తున్నారు?”

“ఏమన్నారు?”

“నేననలేదు, మీరే అన్నారు. పోయిన నెల శనివారం, ఏడో నంబరు కుర్చీలో. ఉద్యోగం లేదన్నారు, ఒంటరిగా ఉంటానన్నారు. రెండోసారి ఇంకా గట్టిగా చెప్పారు. ఎనిమిదో నంబరులో నేనే ఉన్నా.”

ప్యో మెడ దాకా ఎర్రబడ్డాడు. ఇప్పుడు ఆఫీసు గొల్లుమంటుందని మీ-రాన్ వెనక్కి తిరిగింది. ఒక్కరూ నవ్వలేదు. ఆఫీసులో చప్పట్లు కొట్టిన పదకొండుమందీ ఏదో ఒక శనివారం తమకు ఉద్యోగం లేదని చెప్పి ఈ ఉద్యోగంలో పైకి వచ్చినవాళ్లే. అందరూ తలలు వంచుకుని ఎవరి కంప్యూటర్లోకి వాళ్లు చూసుకుంటున్నారు.